భోనగిరి ఖిల్లా: ఒక్కదాన్నే ఎక్కి దిగి వచ్చాక

ముందు నా మార్కులు చెప్పేస్తాను. భోనగిరి ఖిల్లాకు ఐదుకు నాలుగు. ఉప్పల్ నుంచి బస్సులో గంట, మహా అయితే గంటంపావు. ఎక్కడానికి నాకు ముప్పావుగంట పట్టింది, దిగడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. పొద్దున ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం అన్నం వేళకు కిందికి వచ్చేయొచ్చు. ఎత్తు 500 అడుగులకు కాస్త పైన, అంతే. కానీ గుట్ట మొత్తం ఒకటే బండ. మట్టి గుట్టలు మెల్లగా చుట్టూ తిప్పి పైకి తీసుకెళ్తాయి, ఇది అలా కాదు, మొదటి దర్వాజా దాటగానే నిలువుగా లేస్తుంది. దూరం తక్కువ, ఎక్కుడు ఎక్కువ. తోడు లేకుండా వెళ్దామనుకునే ఆడవాళ్లకు హైదరాబాద్ చుట్టుపక్కల నేను చూసినవాటిలో ఇదే మేలు. తగ్గించిన ఒక్క మార్కు సంగతి దిగే దగ్గర చెప్తాను.

రాసేది ఎవరో తెలిస్తే నా మాట మీకు ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోవచ్చు. నాకు 47 ఏళ్లు. బోడుప్పల్‌లో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. రోజుకు పది గంటలు కౌంటర్ వెనక నిలబడతాను. నిలబడే కాళ్లు వేరు, నడిచే కాళ్లు వేరు అని షుగర్ బార్డర్‌లో ఉందని తేలాక అర్థమైంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం కాలనీ పార్కులో నడుస్తున్నాను. నా సెలవు మంగళవారం. మా ఆయనకు ఆదివారం. పిల్లలు కాలేజీల్లో ఉన్నారు. తోడు దొరికే రోజు కోసం చూస్తూ కూర్చుంటే నేను ఏ గుట్టా ఎక్కను. అలా ఒక్కదాన్నే బయల్దేరాను. వెళ్లాక మాత్రం, ఎక్కడం ఒంటరిగా చేస్తేనే బాగుంటుందని గట్టిగా అనిపించింది. మన ఊపిరి ఎంత అంటే అంతే వేగం. ఆయాసం వచ్చిన చోట ఆగొచ్చు, ఎవరో ముందు వెళ్లిపోతున్నారని పరుగు పెట్టక్కర్లేదు, ఎవరో వెనకబడ్డారని చలికాలపు ఎండలో నిలబడి చూడక్కర్లేదు.

ఈ గుట్టనే ఎందుకంటే, మా పుట్టిల్లు ఆలేరు. పెళ్లయి హైదరాబాద్ వచ్చి 24 ఏళ్లు. అన్నేళ్లుగా వరంగల్ రోడ్డు మీద వస్తూ పోతూ బస్సు కిటికీలోంచి ఈ బండను చూస్తూనే ఉన్నాను. మా అమ్మ ప్రతిసారీ ఒకటే మాట: "భోనగిరి గుట్ట దాటినంక ఫోన్ చెయ్యి బిడ్డా, అన్నం పొయ్యి మీద వెడ్త." మా ఇంట్లో ఆ గుట్ట అంటే గడియారం లెక్క. కాగితాల మీద భువనగిరి అని రాస్తారు గానీ మా వైపు అందరి నోటా భోనగిరే. దాని మీద ఏముందో మాత్రం నేను ఎన్నడూ చూడలేదు.

మొదటిసారి వెళ్లింది ఆగస్టులో. ఆ ప్రయాణం సగంలోనే ఆగిపోయింది. అది చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు.

ముందు రోజు రాత్రి వాన పడింది. పొద్దున ఆకాశం తెరిపిచ్చింది కదా అని వెళ్లాను. కాళ్లకు కొత్త సాండల్స్. ట్రెక్కింగ్‌కు పనికొస్తాయని చెప్పి ఒక షాపులో అమ్మారు. సోల్ కింద లోతుగా గీతలు, చూడడానికి చాలా గట్టిగా ఉన్నాయి. మెట్లు ఉన్నంతసేపూ బాగానే నడిచాను. మెట్లు అయిపోయి, కాలిదారి బండ మీదకు వచ్చిన చోట నీళ్లు జారిన జాడ వెంట సన్నగా పాచి పట్టి ఉంది. నల్లగా కనిపిస్తుంది, పాచి అని తెలియదు. కుడికాలు పెట్టాను, అంతే, జర్రున జారింది. మోచెయ్యి గీరుకుపోయింది. చెయ్యి రెయిలింగ్‌కు అందింది కాబట్టి కూర్చుండిపోయాను, లేకపోతే ఏమయ్యేదో. గుండె దడ తగ్గేదాకా అక్కడే కూర్చుని, చాలనుకుని దిగిపోయాను.

దిగుతుంటే కింద బండ మీద కొంతమంది పిల్లలు తాళ్లు కట్టుకుని ఎక్కడం నేర్చుకుంటున్నారు. భోనగిరిలో రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఖమ్మం జిల్లా పిల్లాడు ఆనంద్ కుమార్, ఇద్దరూ గురుకుల పాఠశాలల పిల్లలే, మొదట చేతులు ఆనించి నేర్చుకున్నది ఈ బండ మీదే. పేపర్లో ఎన్నోసార్లు చదివాను. అయినా ఎదురుగా నిలబడి చూస్తే వేరుగా ఉంటుంది. పది పన్నెండేళ్ల పిల్ల గోడ లాంటి రాతిని అరికాలితో తడిమి తడిమి పైకి పోతుంటే నేను మోచెయ్యి నొప్పి మర్చిపోయి చూశాను.

వాళ్లకు నేర్పిస్తున్న కుర్రాడు నా మోచెయ్యి చూసి నీళ్లు ఇచ్చాడు. తర్వాత నా సాండల్స్ చూపించమన్నాడు. సోల్ మీద బొటనవేలి గోరు నొక్కి, "అక్కా, ఇది చూడండి, గోరు దిగడం లేదు. ప్లాస్టిక్ లెక్క ఉంది. బండ మీద గీతలతో పని లేదు, రబ్బరు మెత్తగా ఉండాలి, అరికాలు మొత్తం ఆనాలి," అన్నాడు. బురదలో నడిచేవాళ్లకు లోతు గీతలు కావాలట. ఎండిన బండ మీద మాత్రం మెత్తటి రబ్బరు ఎంత ఎక్కువ రాతికి అంటుకుంటే అంత పట్టు. అందుకే బండలెక్కేవాళ్ల బూట్లకు సోల్ నున్నగా ఉంటుందట. ఇన్నాళ్లూ నేను దానికి తలకిందులుగా అనుకున్నాను.

ఇంకో రెండు మాటలు కూడా చెప్పాడు, అవే ఈ గుట్టకు అసలు టికెట్ అని నా నమ్మకం. ఏటవాలు బండ మీద భయమేసి ముందుకు వంగుతాం, చేతులు రాతికి ఆనించాలని చూస్తాం. వంగిన కొద్దీ మడమ లేస్తుంది, బరువు వేళ్ల మీదికి పోతుంది, కాలు జారుతుంది. నిటారుగా నిలబడితే బరువు నేరుగా అరికాలి మీద పడి అదే పట్టిస్తుంది. రెండోది, తడిగా, నల్లగా ఉన్న చోట ఏ బూటూ పనిచేయదు, పక్కనుంచి పోవాలి, పక్క దారి లేకపోతే వెనక్కి రావాలి.

తర్వాత ఉప్పల్‌లో ఒక స్పోర్ట్స్ షాపుకు వెళ్లి ఆరు జతలకు గోరు గుచ్చి చూశాను. షాపు అబ్బాయి ఏమీ అనుకోలేదు, తనూ నాతో పాటు నొక్కి చూశాడు. చివరికి మామూలు క్యాన్వాస్ బూట్లే తీసుకున్నాను. సోల్ మెత్తటి రబ్బరు, గీతలు పైపైనే. సాండల్స్ ఖరీదులో సగం కూడా కాలేదు. ఒక సైజు పెద్దది తీసుకోండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తోసుకుపోయి గోళ్లు బూటుకు కొట్టుకుంటాయి. నేను మందపాటి సాక్సు వేసుకుని మరీ కొలిచి తీసుకున్నాను. గోరు నల్లబడలేదు.

రెండోసారి డిసెంబర్ మొదట్లో, మంగళవారమే. వాన పోయి నెల దాటింది. రాయి పొడిగా ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది, ఈ గుట్టకు ఇదే కాలం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దని చేతులు జోడించి చెప్తాను. పొద్దంతా ఎండ తాగిన రాయి సాయంత్రమైనా సెగ కక్కుతుంది, దారిలో నీడ చాలా తక్కువ.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు ఎక్కాను. ఘట్‌కేసర్, బీబీనగర్, భోనగిరి. తెలంగాణ ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇలాగే. నా చేతిలో ఆ సున్నా టికెట్ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే చాలా సంతోషంగా అనిపించింది. ఒక ఆడమనిషి తనకోసం మాత్రమే ఒక పూట బయటికి పోవాలంటే ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న ఖర్చు. ఆ ప్రశ్న లేకుండా పోయింది. బైపాస్ మీదుగా పోయే బస్సులు ఊళ్లోకి రావు, ఎక్కేటప్పుడే కండక్టర్‌ని అడగండి. బస్టాండ్ నుంచి గుట్ట కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని చూస్తూ నడిస్తే పావుగంట. ఆ నడకతోనే కాళ్లు వేడెక్కుతాయి, ఆటో ఎక్కకండి.

సంచిలో ఏం పెట్టుకోవాలో నా వృత్తి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. రెండు లీటర్ల నీళ్లు. పైన తాగే నీళ్లు దొరుకుతాయని అనుకోకండి, నాకు దొరకలేదు. ఒక లీటరు మామూలు నీళ్లు, ఇంకో లీటరులో ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో కలిపి ‘చిక్కగా ఉంటే బలం’ అనుకునేవాళ్లను రోజూ చూస్తాను. చిక్కగా కలిపితే మేలు కాదు, కీడు. తియ్యటి అట్టపెట్టె డ్రింకుల్ని ఓఆర్‌ఎస్ అనుకుని కొనేవాళ్లకు ఏళ్ల తరబడి కౌంటర్ దగ్గర చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టుబట్టి చేసిన పోరాటం తర్వాత 2025 అక్టోబర్‌లో దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు షాపులో అందరికీ స్వీట్ తెచ్చిపెట్టాను. ప్యాకెట్ మీద ఒక లీటరు నీటికి అని, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నదే తీసుకోండి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి తాగండి.

ఇంకొకటి. మోకాళ్లు నొప్పి పెడతాయేమోనని ముందే నొప్పి గోలీ వేసుకుని ఎక్కేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ రకం మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి. పైగా మోకాలు వద్దని చెప్పే మాట మనకు వినపడకుండా పోతుంది.

రెండు జామకాయలు, వేయించిన పల్లీలు, దూది, బ్యాండేజీ, టోపీ. అన్నీ వీపు సంచిలో. చేతిలో కవర్ పట్టుకోకండి. వెళ్లిన రెండుసార్లూ కోతులు కనిపించాయి, వాటికి కవర్ చప్పుడు చాలు. రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఈ గుట్ట మీద అవసరం కూడా.

టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే మొదట పెద్ద కమాను, బలమైన కట్టుడు గోడలు. ఈ దర్వాజాలు తర్వాతి రాజుల కాలం నాటివి. కోటకు మొదలు మాత్రం కళ్యాణి చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు, ఆరో విక్రమాదిత్యుడు అంటారే, ఆయన. 1076 నుంచి 1126 దాకా ఏలాడు. ఆయన బిరుదు మీదే త్రిభువనగిరి, అది భువనగిరి అయి, మా నోట్లో భోనగిరి అయింది. దర్వాజాలు నేరుగా ఎదురుగా ఉండవు. ఒకటి దాటి మలుపు తిరిగాకే రెండోది కనిపిస్తుంది. ఏనుగు పరుగెత్తుకొచ్చి కుమ్మడానికి చోటు లేకుండా మన కోటల్లో అలా కట్టేవాళ్లు. ఆయాసపడుతూ మలుపు తిరిగినప్పుడు, పైనుంచి ఎవరైనా రాళ్లు వేస్తే నా గతి ఏమిటని ఒక్కసారి తల ఎత్తి చూశాను. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా కోట బలం ఇలా అర్థం కాదు.

మెట్లు ఒకే ఎత్తున లేవు. కొన్ని పేర్చినవి, కొన్ని బండలోనే తొలిచినవి. తొలిచిన మెట్లు మధ్యలో అరిగి గుంటపడ్డాయి, నున్నగా మెరుస్తున్నాయి. అంచుల వెంట అడుగు వేస్తే పట్టు బాగుంది. ముప్పై మెట్లకు ఒకసారి ఆగి, ఊపిరి కుదుటపడేదాకా లెక్కపెట్టి మళ్లీ కదిలాను. ఆగస్టులో జారిన చోటుకు వచ్చేసరికి మోచెయ్యి దానంతట అదే ఒంటికి దగ్గరగా వచ్చింది. ఈసారి రాయి ఎండిపోయి తెల్లగా, గరుకుగా ఉంది. నిటారుగా నిలబడి, అరికాలు మొత్తం ఆనించి, చిన్న చిన్న అడుగులు. బూటు అంగుళం కూడా కదల్లేదు. రబ్బరు రాయిని పట్టుకున్నప్పుడు వచ్చే కిర్రుమనే చిన్న చప్పుడు విని ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూసి, మా అమ్మాయికి వాట్సాప్‌లో ‘దాటేశాను’ అని పెట్టాను.

ఆ సంగతి కూడా చెప్పాలి. ఒక్కదాన్నే వెళ్తానంటే మా ఆయన "ఒక్కదానివేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన అడగడంలో తప్పు లేదు. మేం పెట్టుకున్న ఏర్పాటు ఇది: బయల్దేరినప్పటి నుంచి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ మా అమ్మాయికి. ఎక్కడం మొదలుపెట్టినప్పుడు, పైకి చేరినప్పుడు, కింద కాలు పెట్టినప్పుడు మూడు మెసేజ్‌లు. మూడోది ఫలానా టైముకు రాకపోతే ఫోన్ చేయాలి. పొద్దున టికెట్ ఇచ్చే చోట కూడా "నేను ఒక్కదాన్నే వచ్చాను, దిగేటప్పుడు చెప్పి వెళ్తాను" అని చెప్పాను. అక్కడ కూర్చున్న పెద్దాయన "సరే అమ్మా, మెల్లగ పోయి రా, ఉరకకు" అన్నాడు. మంగళవారం కాబట్టి జనం పలచగా ఉన్నా దారి పూర్తిగా ఖాళీగా లేదు. రెండు కుటుంబాలు, కొందరు కాలేజీ పిల్లలు, ఎక్కడో ఒకచోట మనిషి కనిపిస్తూనే ఉన్నారు. కూలిన గదుల లోపలికి, దారికి దూరంగా ఉన్న మూలలకు మాత్రం నేను వెళ్లలేదు. మీరూ వెళ్లకండి. రెండు పూటల్లోనూ నాకు ఎవరివల్లా ఇబ్బంది కలగలేదు, ఒక్క చెడ్డ చూపు కూడా ఎదురవలేదు. చీకటి పడకముందే కాదు, ఎండ వాలకముందే కిందికి వచ్చేయాలన్నది నా నియమం.

పైకి చేరగానే గాలి. కింద ఆకు కదలడం లేదు, పైన చున్నీ నిలవదు. బాలాహిస్సార్ అనే పై కోట శిథిలాల గోడ నీడలో కూర్చుని ఓఆర్‌ఎస్ సగం తాగాను. కూర్చున్న బండ ఉల్లిగడ్డ పొరలు పొరలుగా విడిపోయినట్టు పలకలు పలకలుగా లేచి ఉంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నా మోచెయ్యి గీరుకున్నదీ దాని మీదే.

కానీ నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టినవి నీటి గుంతలు. ఇంత ఎత్తున, ఒకటే రాయి మీద, కోటలో ఉన్న సైన్యం ఏం తాగి బతికిందన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. బండ మీద పడిన వాన ఇంకదు, జారిపోతుంది. ఆ జారే నీళ్లు ఎటు పోతాయో చూసి, పల్లమున్న చోట ఆపి కుంటలు చేశారు. డిసెంబర్‌లో కూడా నీళ్లు ఉన్నాయి, పచ్చగా, కదలకుండా. నన్ను ఆగస్టులో పడేసిన వాననీళ్లే వాళ్లకు ప్రాణం. కాకతి రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలంలో ఈ కోట వాళ్ల చేతిలో ఉంది. 18వ శతాబ్దం మొదట్లో మా జనగామ వైపు ఖిలాషాపురంలో కోట కట్టుకున్న సర్వాయి పాపన్న ఈ భోనగిరి మీద దాడి చేశాడు. పాపన్న కథ మా ఊళ్లో చిన్నప్పుడు పాటగా విన్నదాన్ని. ఈ నిలువు బండను కింద నుంచి పైకి చూసి కూడా దీని మీదికి రావాలనుకున్న మనిషి అంటే ఎలాంటివాడో ఆ రోజు కొంచెం తెలిసింది.

కింద ఊరు, చెరువు, రైలు పట్టాలు, వరంగల్ రోడ్డు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడిగా, నిజాం కాలపు తెలుగువాళ్ల సంఘం ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. తెలంగాణ సాయుధ పోరాటం చదివిన ప్రతివాళ్లకూ ఈ ఊరి పేరు తెలుసు. నేను మాత్రం రోడ్డు మీద పోయే ఎర్ర బస్సుల్ని చూస్తూ కూర్చున్నాను. 24 ఏళ్లు ఆ బస్సుల్లోంచే నేను ఇటు చూశాను. ఒక్కో బస్సు గుట్టను దాటి ఆలేరు వైపు పోతుంటే, ఇప్పుడు ఎవరి అమ్మ పొయ్యి వెలిగిస్తుందో అనుకున్నాను.

ఇక దిగడం. తగ్గించిన మార్కు ఇక్కడిది.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే పోతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి ఆగాలని తోచదు. కానీ ప్రతి మెట్టుకూ ఒంటి బరువు మొత్తం మోకాలి మీద, తొడ కండ మీద పడుతుంది. కండ సాగుతూనే బరువును ఆపాలి, అది ఎక్కడం కంటే కష్టమైన పని. సగం దిగేసరికి నా తొడలు వణకడం మొదలుపెట్టాయి. నొప్పి లేదు, ఉత్త వణుకు. ఆ వణుకు వచ్చిందంటే కాలు మన మాట వినడం ఆపేసిందని అర్థం, కూర్చోవాలి. నేను మూడుసార్లు కూర్చున్నాను, ఒక్కోసారి ఐదు నిమిషాలు. వెనక్కి వాలకుండా, మోకాళ్లు కాస్త వంచి, ఎత్తు మెట్ల దగ్గర పక్కకు తిరిగి దిగాను. ఏటవాలు బండ మీద రెండుచోట్ల కూర్చుని చేతులు ఆనించి జరిగాను. పక్కన కాలేజీ పిల్లలు చకచకా దిగిపోతున్నారు. వాళ్ల కాళ్లు వాళ్లవి, నా కాళ్లు నావి.

రెయిలింగ్ సరిగ్గా ఇక్కడే తక్కువైంది. ఎక్కే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసినట్టు ఉంది. ఎక్కేవాళ్లకు ఎక్కడ పట్టు అక్కర్లేదో దిగేవాళ్లకు అక్కడే కావాలి. ఏటవాలు మొదలయ్యే చోట పైనుంచి వచ్చేవాళ్ల చేతికి ముందుగా కమ్మీ అందాలి. కొన్నిచోట్ల ఒక అడుగు కిందికి వేశాక గానీ నాకు అందలేదు. వాన తర్వాత పాచి ఉన్న చోట ఒక రంగు గీత గీసినా చాలు. సగం ఎత్తులో ఒక కుండలో నీళ్లు పెట్టినా చాలు. ఇవన్నీ పెద్ద ఖర్చులు కావు. రోప్‌వే వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. వస్తే మా అమ్మలాంటి వాళ్లు కూడా పైన కుంటలు చూస్తారు, రావాలనే కోరుకుంటున్నాను. అయితే ఆ పేరు మీద మెట్ల దారిని పట్టించుకోకుండా వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంకో బాధ గోడల మీది రాతలు. దాదాపు వెయ్యేళ్ల కిందటి కోట, గోడ నిండా మేకుతో గీసిన పేర్లు, గుండె బొమ్మలు. నీటి కుంటల్లో ప్లాస్టిక్ సీసాలు తేలుతున్నాయి. మనుషులు కరువు రోజుల్లో చుక్క చుక్క దాచుకున్న చోటు అది. నా సీసాలతో పాటు చేతికి అందిన నాలుగు సీసాలు సంచిలో వేసుకుని కిందికి తెచ్చాను. మీరు వెళ్తే ఒకటైనా తెండి.

కింద కాలు పెట్టేసరికి ఒంటిగంట కావస్తోంది. పెద్దాయనకు చెప్పాను, మూడో మెసేజ్ పెట్టాను. గుట్ట కింద బండి మీద జామకాయలు అమ్మే ముసలామె నా నడక చూసి, "కూసో బిడ్డా, కాళ్లు గుంజుతున్నయా?" అని స్టూలు జరిపింది. ఉప్పు, కారం అద్ది ఇచ్చింది. ఎంత రుచిగా ఉన్నాయంటే ఇంటికని అరకిలో తీసుకున్నాను. బస్టాండ్ దగ్గర చిన్న హోటల్లో చాయ్ తాగాను, చిక్కగా, వేడిగా బాగుంది. మొత్తం ఖర్చు లెక్క వేస్తే రెండు వందలు దాటలేదు, అందులో సగానికి పైగా జామకాయలే. మర్నాడు పొద్దున పిక్కలు, తొడలు పట్టేశాయి, కౌంటర్ దగ్గర వంగి కింది అరలో మందు తీయడానికి రెండు రోజులు కష్టపడ్డాను. మూడో రోజుకు సర్దుకుంది. మోకాలి లోపల నొప్పి, వాపు ఉంటే అది వేరే సంగతి, డాక్టర్‌కు చూపించుకోండి. ఉత్త కండ నొప్పి అయితే గోరువెచ్చటి నీళ్లు, కాస్త నడక చాలు.

బస్టాండ్‌లో ఉప్పల్ బస్సు ముందు వచ్చింది. ఎక్కలేదు. దాని వెనకే వచ్చిన జనగామ బస్సు ఎక్కి ఆలేరుకు జీరో టికెట్ తీసుకున్నాను. కూర్చోగానే అమ్మకు ఫోన్ చేశాను.

"గుట్ట దాటినవా?" అంది ఎప్పటిలాగే.

"దాటుడు కాదమ్మా, ఎక్కి దిగిన."

కాసేపు మాట లేదు. తర్వాత, "ఒక్కదానివేనా?" అంది. ఒక్కదాన్నే అన్నాను. "పైన ఏమున్నది?" అంటే కుంటలున్నాయని, వాటిలో ఇంకా నీళ్లున్నాయని చెప్పాను.

"గంత ఎత్తుల నీళ్లా?" అంది. "వచ్చినంక చెప్పు. అన్నం వెడ్తున్న."